చిటపటకు మందు వేసే ముందు దాని పేరు కనుక్కోండి

కంప్యూటర్లో పాట నడుస్తుంటే మధ్యలో టప్పుమంటుంది. లేదంటే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు చిటపటలాడుతుంది. ఏం చెయ్యాలని ఎవరినడిగినా మూడే సలహాలు వస్తాయి: డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్ళీ ఎక్కించు, బఫర్ పెంచు, బయటి డాక్ (DAC, అంకెలను ధ్వనిగా మార్చే పెట్టె) ఒకటి కొనుక్కో. మూడూ ఒక్కోసారి పనిచేస్తాయి. కానీ ఎందుకు పనిచేశాయో తెలియదు గనక, నెల తిరిగేసరికి ఆ చప్పుడు మళ్ళీ వస్తే కథ మళ్ళీ మొదటికే.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. చప్పుడు ఏ రకందో తేలేదాకా ఒక్క సెట్టింగు కూడా ముట్టుకోకూడదు. ఈ పనికి తెలుగు చెవి బాగా అక్కరకొస్తుంది, ఎందుకంటే చప్పుళ్ళకు మనకు పేర్లకు కొదవ లేదు. టిక్కుమనడం వేరు, టప్పుమనడం వేరు. చిటపట వేరు, గరగర వేరు, గుయ్యిమనడం వేరు. ఒక్కో చప్పుడు యంత్రంలో ఒక్కో చోట పుడుతుంది. ఇంగ్లీషులో వెతికినా, తెలుగులో అడిగినా అన్నిటినీ కలిపి "సౌండ్ ప్రాబ్లం" అనేస్తాం. వైద్యం అక్కడే దారి తప్పుతుంది.

ఆలస్యమే అసలు జబ్బు

డిజిటల్ ధ్వని అంటే సెకండుకు 44,100 లేదా 48,000 అంకెలు, అంటే శాంపిళ్ళు. ప్లేయర్ ఆ అంకెలను బఫర్ అనే తొట్టిలో పోస్తూ ఉంటుంది, సౌండ్ చిప్ అవతలి నుంచి తోడుకుంటూ ఉంటుంది. చిప్ ఎవరి కోసమూ ఆగదు. తోడే వేళకు తొట్టి ఖాళీగా ఉంటే, అప్పటిదాకా నున్నగా సాగిన తరంగం ఒక్కసారిగా తెగి సున్నాకు పడిపోతుంది, లేదా పాత ముక్కే మళ్ళీ వినిపిస్తుంది. అలా తెగిన అంచులో మంద్రం నుంచి తారం దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి ఉంటాయి. అందుకే పాట ఏదైనా చప్పుడు మాత్రం అదే టిక్కు. తెగింది ఒక్క మిల్లీసెకండే అయినా చెవి పట్టేస్తుంది.

లెక్క చూడండి. 48,000 రేటు దగ్గర 256 శాంపిళ్ళ బఫర్ అంటే 5.33 మిల్లీసెకండ్లు. విండోస్ మామూలుగా ప్రోగ్రాములన్నీ కలిసి వాడే షేర్డ్ మోడ్‌లో 10 మిల్లీసెకండ్లకోసారి, అంటే 480 శాంపిళ్ళ చొప్పున పని నడుపుతుంది. ఆ గడువులోగా తొట్టి నిండాలి. తొంభైతొమ్మిదిసార్లు ఒక మిల్లీసెకండులోనే నింపి, నూరోసారి 12 మిల్లీసెకండ్లు తీసుకుంటే సగటు బ్రహ్మాండంగానే ఉంటుంది, పాట మాత్రం టిక్కుమంటుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 8 శాతమే ఉంది కదా అని ఆశ్చర్యపోయేవాళ్ళు చూస్తున్నది ఆ సగటునే. ధ్వనికి కావలసింది అన్నిటికన్నా చెడ్డ క్షణం లెక్క.

నాణ్యత పెంచితే చప్పుడు పోతుందనుకుని రేటును 192 కిలోహెర్ట్జ్‌కు మార్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. అదే 256 శాంపిళ్ళ బఫర్ ఇప్పుడు 1.33 మిల్లీసెకండ్లకే అయిపోతుంది. గడువు నాలుగో వంతుకు పడిపోయింది. రోగానికి మందు బదులు పత్యం చెడగొట్టినట్టయింది.

ముందు ఒక పరీక్ష

పాటతో పరీక్షించకండి. తాళవాద్యాల దెబ్బలు, హల్లుల శబ్దాలు టిక్కుల్ని దాచేస్తాయి. ఆడాసిటీ అనే ధ్వని ఎడిటర్లో 200 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని 0.25 ఆంప్లిట్యూడ్‌తో 10 నిమిషాలు తయారుచేసి, 48,000 రేటుతో వేవ్ ఫైలుగా దాచుకోండి. మంద్రంగా, ఏ మార్పూ లేకుండా సాగే ఆ ధ్వనిలో చిన్న తెగుడు కూడా సూదితో పొడిచినట్టు తెలుస్తుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్‌తో వినండి. టిక్కు వచ్చినప్పుడల్లా సమయం కాగితం మీద రాసుకోండి. తరవాత అదే ఫైలును వేరే ప్లేయర్లో ఇంకోసారి వినండి. రెండో ప్లేయర్లో ఏమీ లేకపోతే తప్పు మొదటి ప్లేయర్ సెట్టింగులదే.

ఈ కాగితం సగం రోగనిర్ణయం చేసేస్తుంది. పరీక్ష ధ్వని శుభ్రంగా ఉండి, ఏదో ఒక పాటలో మాత్రం ప్రతిసారీ ఒకే క్షణం దగ్గర టిక్కుమంటే జబ్బు ఆ ఫైలుదే. దాన్ని ఆడాసిటీలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే బొమ్మ) చూస్తే కింద నుంచి పైదాకా సన్నటి నిలువు గీత కనబడుతుంది. దెబ్బతిన్నది 128 శాంపిళ్ళ లోపైతే ఆ ముక్క ఎంచుకుని రిపేర్ అనే ఎఫెక్ట్ వాడితే చాలు. సమయాలు పొంతన లేకుండా ఉంటే ఆలస్యం సమస్య. సమాన విరామాలతో వస్తే గడియారాల సమస్య. ధ్వని మొదలైనప్పుడో ఆగినప్పుడో మాత్రమే టప్పుమంటే విద్యుత్ పొదుపు. తీగ కదిపినప్పుడే గరగరమంటే జాక్ లోపల మురికో, వదులో. వాల్యూమ్ మొత్తం మ్యూట్ చేసినా స్పీకర్లో టక్కుమంటే దానికి కంప్యూటర్‌తో పనే లేదు. దగ్గర్లో మోటారో స్విచ్చో ఆన్ అయినప్పుడు తీగల్లోకి దూరే చప్పుడది. ఇక గుయ్యిమనే 50 లేదా 60 హెర్ట్జ్ మోత గ్రౌండ్ లూప్ వ్యవహారం. దాని దారి పూర్తిగా వేరు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

పొంతన లేని చిటపట

ఎక్కువమందిని వేధించేది ఇదే. దీనికి అసలు దోషి చాలాసార్లు సౌండ్ డ్రైవర్ కానే కాదు.

విండోస్‌లో ఏ పరికరమైనా "నా సంగతి చూడు" అని ఇంటరప్ట్ పంపిస్తే, దాని డ్రైవర్ ముందు చిన్న పని ఒకటి చేసి, మిగతాది డీపీసీ అనే వరుసలో పెడుతుంది. ఒక కోర్ మీద డీపీసీ నడుస్తున్నంతసేపూ ఆ కోర్ మీద ఇంకే ప్రోగ్రామూ నడవదు. ఆడియో థ్రెడ్‌కు ఎంత ప్రాధాన్యం ఇచ్చినా అంతే. మైక్రోసాఫ్ట్ డ్రైవర్లు రాసేవాళ్ళకు చెప్పే హద్దు స్పష్టంగా ఉంది: ఇంటరప్ట్ రొటీన్ 25 మైక్రోసెకండ్లు, డీపీసీ 100 మైక్రోసెకండ్లు మించకూడదు. ఏ వైఫై డ్రైవరో 3 మిల్లీసెకండ్లు పట్టుకు కూర్చుంటే అది 30 రెట్లు. 5 మిల్లీసెకండ్ల గడువులో సగానికి పైగా అక్కడే పోయింది.

దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం ఉంది. చప్పుడు మామూలుగా ఏ పరిస్థితిలో వస్తుందో అదే పరిస్థితిలో, పరీక్ష ధ్వని నడుపుతూ, కనీసం 15 నిమిషాలు దాన్ని నడవనివ్వండి. తరవాత డ్రైవర్స్ అనే ట్యాబ్‌లో, అత్యధిక సమయం తీసుకున్నవి పైకొచ్చేలా పెట్టి చూడండి. ఇక్కడ చాలామంది పొరపడతారు. పైన కనబడిన పేరే దోషి అనుకుంటారు. ఎన్‌డీఐఎస్, డబ్ల్యూడీఎఫ్01000, డీఎక్స్‌జీకెర్నల్, స్టోర్‌పోర్ట్ అనేవి విండోస్ సొంత మధ్యవర్తులు. వాటి మీద కోపగించుకుని లాభం లేదు. ఎన్‌డీఐఎస్ కనబడితే వెనకున్నది నెట్‌వర్క్ కార్డు డ్రైవర్. స్టోర్‌పోర్ట్ అయితే డిస్కు, డీఎక్స్‌జీకెర్నల్ అయితే గ్రాఫిక్స్. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అని ఉంటే మాత్రం అది నేరుగా ఎన్విడియా డ్రైవరే.

అనుమానం వచ్చాక రుజువు కావాలి. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరాన్ని డిజేబుల్ చేసి ఇంకో 10 నిమిషాలు వినండి. వైఫై నుంచి డిస్‌కనెక్ట్ అయితే చాలదు, డ్రైవర్ ఇంకా మేలుకునే ఉంటుంది, నెట్‌వర్కులు వెతుకుతూనే ఉంటుంది. డిజేబుల్ చేశాక చప్పుడు ఆగితే దోషి దొరికినట్టే. అప్పుడు చిప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్, ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్ రెండూ వేసి చూడాలి. కొత్తదే మంచిదని లేదు, కొన్నిసార్లు రెండు వెర్షన్ల కిందటిది నిశ్శబ్దంగా ఉంటుంది.

ల్యాప్‌టాపుల్లో ఏసీపీఐ (విద్యుత్, బ్యాటరీ వ్యవహారాలు చూసేది) డ్రైవర్ పైన కనబడితే బ్యాటరీ స్థితి అడిగే పనిలో ఆలస్యం జరుగుతోందేమో చూడాలి. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఏసీపీఐ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అని ఉండే అంశాన్ని కాసేపు డిజేబుల్ చేయండి. ఛార్జి శాతం చూపే గుర్తు మాయమవుతుంది, కంగారు పడనక్కర్లేదు. తేడా లేకపోతే వెంటనే తిరిగి ఎనేబుల్ చేయండి. తేడా ఉంటే చికిత్స బయోస్ అప్‌డేట్‌లో వెతకాలి, ఎందుకంటే ఆ ఆలస్యం మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌ది.

బయోస్ మాట వచ్చింది కాబట్టి రెండు ఉదాహరణలు. ఏఎండీ 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోయే సమస్య ఉండేది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఏజీసా (ఏఎండీ బోర్డుల బయోస్‌లో ఉండే మూల కోడ్) 1.2.0.2 తో దానికి పరిష్కారం దొరికింది. ఆ తరవాతి ఏడాది మార్చిలో, ప్రాసెసర్ లోపలి టీపీఎం (భద్రతా కీలను దాచే భాగం) వల్ల కొన్ని రైజెన్ కంప్యూటర్లు మధ్యమధ్యలో క్షణంపాటు బిగుసుకుపోతున్నాయని ఏఎండీయే ఒప్పుకుంది. బోర్డు మెమరీ చిప్‌తో జరిగే లావాదేవీ ఎక్కువసేపు పట్టడమే కారణం. మందు మళ్ళీ బయోస్ అప్‌డేటే. ఈ రెంటిలోనూ సౌండ్ డ్రైవర్ వందసార్లు తీసి వేసినా ఒరిగేది లేదు. ఒక జాగ్రత్త: డిస్కు మీద విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఉంటే, టీపీఎంను తాకే ఏ బయోస్ మార్పుకైనా ముందు రికవరీ కీ వేరేచోట రాసిపెట్టుకోండి. చిటపట పోగొట్టబోయి ఫైళ్ళన్నీ పోగొట్టుకోకూడదు.

విద్యుత్ పొదుపు కూడా ఆలస్యానికి పుట్టిల్లే. ప్రాసెసర్ నిద్రలోకి వెళ్ళి లేవడానికి సమయం పడుతుంది. పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చడం, మినిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 శాతం చేయడం, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆపడం, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపడం అందరికీ తెలిసిన చిట్కాలే. నా అభ్యంతరం వాటి మీద కాదు, వాటిని వాడే తీరు మీద. నలభై సేవల్ని ఒక్క దెబ్బతో ఆపేసే స్క్రిప్టు నడిపి, చప్పుడు ఆగిందని సంతోషించి, ఆ నలభైలో ఏది కారణమో ఎన్నటికీ తెలుసుకోకపోవడం వైద్యం కాదు. నాలుగూ మార్చండి, చప్పుడు ఆగితే ఒక్కొక్కటే వెనక్కి తిప్పండి. సాధారణంగా ఒకటే దోషి అవుతుంది. మిగతా మూడూ పాత స్థితిలోనే ఉంటే బ్యాటరీ మిగులుతుంది.

బఫర్ పెంచడం తప్పా?

తప్పేమీ కాదు. పాట వినడానికి మాత్రమే కంప్యూటర్ వాడేవాళ్ళు 5 మిల్లీసెకండ్ల కోసం పోరాడటం అనవసరం. ప్లేయర్లో 200 మిల్లీసెకండ్ల బఫర్ పెట్టుకున్నా, ఫూబార్2000 లాంటి వాటిలో 1000 పెట్టుకున్నా నష్టం లేదు. వాద్యం వాయిస్తూ తన ధ్వని తానే కంప్యూటర్ ద్వారా వినేవాళ్ళకే తక్కువ ఆలస్యం కావాలి. వాళ్ళు 128 నుంచి 256, అక్కడి నుంచి 512 అని మెట్టుమెట్టుగా ఎక్కి, చప్పుడు ఆగిన మొదటి మెట్టు దగ్గర ఆగాలి.

బఫర్‌కు అంతకన్నా పెద్ద ఉపయోగం రోగనిర్ణయంలో ఉంది. 2048 శాంపిళ్ళు పెడితే 48,000 దగ్గర దాదాపు 43 మిల్లీసెకండ్లు. అంత గడువు ఇచ్చినా టిక్కులు అదే జోరున వస్తుంటే అది తొట్టి సమస్య కాదు. ఇక బఫర్ జోలికి పోకుండా తీగల వైపు, గడియారాల వైపు తిరగాలి. పెంచేకొద్దీ టిక్కులు పలచబడుతుంటే మాత్రం కంప్యూటర్లో ఎవరో ఆలస్యం చేస్తున్నట్టే. పెద్ద బఫర్ వాళ్ళని దాచిపెడుతుంది, తొలగించదు.

లినక్స్ వాళ్ళకు ఈ రోగనిర్ణయం ఇంకా తేలిక. పైప్‌వైర్ అనే ధ్వని వ్యవస్థ ఉన్న చోట టెర్మినల్లో పీడబ్ల్యూ-టాప్ నడిపితే ఈఆర్ఆర్ అనే నిలువు వరుసలో తప్పిన గడువుల సంఖ్య కనబడుతుంది. టిక్కు వినబడ్డప్పుడల్లా ఆ అంకె పెరిగితే తొట్టి ఎండిపోయినట్టు. క్వాంటమ్‌ను (అక్కడి బఫర్ పరిమాణం) మామూలు 1024 నుంచి 2048 కు పెంచి చూడాలి, ఆడియో థ్రెడ్లకు రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇచ్చే ఆర్‌టీకిట్ నడుస్తోందో లేదో చూసుకోవాలి. అంకె పెరగకుండా టిక్కు వినబడితే గడువులు సరిగ్గానే అందుతున్నట్టు. 2024 లో వచ్చిన 6.12 కెర్నల్‌లో పూర్తి రియల్‌టైమ్ మద్దతు ప్రధాన కోడ్‌లోనే కలిసింది. స్టూడియోల్లో అది వరమే గాని, పాటలు వినడానికి దాని కోసం కెర్నల్ మార్చుకోవాల్సిన పని లేదు.

తీగలు, గడియారాలు

బయటి యూఎస్‌బీ డాక్ విషయంలో ఒక వాదన తరచుగా వినిపిస్తుంది: ఇదే కేబుల్‌తో, ఇదే పోర్టులో ఫైళ్ళు చక్కగా కాపీ అవుతున్నాయి, కాబట్టి కేబుల్ బాగుంది. ఈ వాదన చెల్లదు. ఫైళ్ళు వెళ్ళే పద్ధతిలో ప్యాకెట్ పాడైతే మళ్ళీ అడిగి తెచ్చుకుంటారు. ధ్వని వెళ్ళే ఐసోక్రోనస్ పద్ధతిలో మళ్ళీ అడగడమనేది లేదు. ఫుల్ స్పీడ్‌లో మిల్లీసెకండుకోసారి, హై స్పీడ్‌లో 125 మైక్రోసెకండ్లకోసారి వంతు వస్తుంది. ఆ వంతులో పాడైతే ఆ ముక్క పోయినట్టే, మీకు టిక్కు మిగులుతుంది. అందుకని హబ్ తీసేయండి. మీటరు మించని కేబుల్ వాడండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు వదిలి, వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టుకు నేరుగా పెట్టండి. వెబ్‌క్యామ్‌నూ బయటి డిస్కునూ వేరే కంట్రోలర్ వైపుకు మార్చండి.

కొన్నిసార్లు ఇదంతా చేసినా పోదు, ఎందుకంటే తప్పు ఇంకా లోతున ఉంటుంది. 2018 లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్‌బుక్ ప్రో, మ్యాక్ మినీలలో యూఎస్‌బీ ఆడియో పరికరాల నమ్మకాన్ని మెరుగుపరిచామని ఆపిల్ 10.14.4 అప్‌డేట్‌తో చెప్పింది. అప్పటిదాకా కేబుళ్ళూ ఇంటర్‌ఫేసులూ మార్చినవాళ్ళ డబ్బు వృథాయే.

గడియారాల తప్పు అన్నిటికన్నా చక్కనిది, ఎందుకంటే లెక్కకు లొంగుతుంది. రెండు పరికరాలు, రెండు క్వార్ట్జ్ గడియారాలు. రెండూ 48,000 అనే చెబుతాయి, కానీ వాటి మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకోండి. సెకండుకు 2.4 శాంపిళ్ళు ఎక్కువో తక్కువో అవుతాయి. మధ్యలో 480 శాంపిళ్ళ వెసులుబాటు ఉంటే 200 సెకండ్లకోసారి అది నిండిపోయో ఖాళీ అయ్యో టిక్కుమంటుంది. మీ కాగితం మీద మూడు నిమిషాల ఇరవై సెకండ్లకోసారి గీత పడుతోందంటే ఇదే. యూఎస్‌బీ మైకు ధ్వనిని వేరే సౌండ్ కార్డులో నేరుగా వినేటప్పుడు, రెండు పరికరాలను డిజిటల్ ధ్వని తీగ అయిన ఎస్‌పీడీఐఎఫ్‌తో కలిపినప్పుడు ఇలా జరుగుతుంది. ఎస్‌పీడీఐఎఫ్‌లో అందుకునే పరికరం గడియారాన్ని ఇంటర్నల్ నుంచి ఎక్స్‌టర్నల్‌కు మార్చాలి. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో అగ్రిగేట్ డివైస్ చేస్తే ఒకదాన్ని ప్రధాన గడియారంగా ఎంచుకుని, రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్కు పెట్టాలి. బఫర్ రెట్టింపు చేస్తే ఏమవుతుంది? 200 సెకండ్లకు బదులు 400 సెకండ్లకు టిక్కుమంటుంది. అంతే.

బ్లూటూత్‌లో టిక్కుల కన్నా ధ్వని మధ్యమధ్యలో తెగిపోవడం ఎక్కువ. యూఎస్‌బీ 3.0 పోర్టులూ కేబుళ్ళూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయని ఇంటెల్ 2012 లోనే ఒక పత్రంలో వివరించింది. డాంగిల్‌ను ఆ పోర్టు పక్కన కాకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపండి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

టప్పు, గరగర

పాట మొదలవగానే, లేదా ఆగిన కొద్ది సెకండ్లకు టప్పుమనడం సౌండ్ చిప్ నిద్రపోయి లేచే చప్పుడు. లేచేటప్పుడు అవుట్‌పుట్ వోల్టేజీ ఒక మెట్టు ఎగురుతుంది. లినక్స్‌లో ఎస్ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్ మాడ్యూల్‌కు పవర్ సేవ్ విలువ సున్నా చేయాలి. టీఎల్‌పీ అనే విద్యుత్ పొదుపు సాధనం వాడుతుంటే అందులోని సౌండ్ పవర్ సేవ్ విలువలూ సున్నా చేయాలి, లేకపోతే అది మీ మార్పును తిరగరాస్తుంది. వైర్‌ప్లంబర్ (పైప్‌వైర్‌కు తోడుగా పరికరాల్ని నిర్వహించే భాగం) 5 సెకండ్ల నిశ్శబ్దం తరవాత పరికరాన్ని నిద్రపుచ్చుతుంది, ఆ గడువును కూడా సున్నా చేస్తే నిద్రపుచ్చడం మానేస్తుంది. విండోస్‌లో తయారీదారు డ్రైవర్‌కు బదులు మైక్రోసాఫ్ట్ సొంత హై డెఫినిషన్ ఆడియో డివైస్ డ్రైవర్ ఎంచుకుని చూడండి.

బిగ్గరగా ఉన్న చోట్ల మాత్రమే గరగరమంటే దానికీ ఆలస్యానికీ సంబంధం లేదు, అది క్లిప్పింగ్, అంటే హద్దు దాటిన తరంగ శిఖరాలు తెగిపోవడం. ఈక్వలైజర్లో ఏదో ఒక పట్టీని 6 డెసిబెల్స్ పెంచి, మొత్తం ధ్వని స్థాయిని మార్చే ప్రీఆంప్‌ను సున్నా దగ్గరే వదిలేస్తే శిఖరాలు తెగక తప్పదు. ఎంత పెంచారో అంత ప్రీఆంప్ దించాలి. ఈక్వలైజర్ లేకపోయినా, శిఖరాలు పూర్తి హద్దు దాకా ఉన్న పాటను ఎంపీ3 నుంచి విప్పేటప్పుడు అవి హద్దు దాటవచ్చు. ప్లేయర్ సొంత వాల్యూమ్ 6 డెసిబెల్స్ తగ్గించి, ఆంప్లిఫైయర్లో అంత పెంచి వినండి. గరగర పోతే దొరికినట్టే. అలాగే విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపండి.

నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే స్పీకర్ విద్యుత్ తీసేసి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, చివర నుంచి చివరకు ఇరవై ముప్ఫైసార్లు తిప్పండి. పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయకండి. తలుపు బందులకు వేసే నూనె వేయొద్దు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది.

చప్పుడు ఆగిందనిపించాక పరీక్ష ధ్వనిని ఈసారి అరగంట, కంప్యూటర్ మీద మామూలు పనులు చేస్తూనే వినండి. కాగితం ఖాళీగా ఉంటే, దారిలో చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుతూ రండి. ఏది తిప్పినప్పుడు టిక్కు మళ్ళీ వచ్చిందో ఆ ఒక్కదాన్నే ఉంచుకుని, దాని పేరు, డ్రైవర్ అయితే వెర్షన్ నంబరు, తేదీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టుకోండి. విండోస్ అప్‌డేట్ ఎప్పుడో ఒకప్పుడు మిమ్మల్ని అడగకుండానే ఆ డ్రైవర్‌ను మార్చేస్తుంది, అప్పుడు ఏ నంబరుకు వెనక్కి వెళ్ళాలో ఆ ఫైలే చెబుతుంది.